ముక్కలు ఎక్కడ కలుస్తాయి? ఇంటర్నెట్‌లో వ్యక్తిగత సమాచారం జారిపోయే దారులు, అడ్డుకట్ట వేయగల చోట్లు

క్లుప్తంగా

ఇంటర్నెట్‌లో గోప్యత దెబ్బతినడానికి పెద్ద రహస్యమేదో బయటపడాల్సిన అవసరం లేదు. విడిగా చూస్తే విలువ లేనట్టుండే చిన్న చిన్న వివరాలు ఒకే మనిషి పేరు కిందకు వచ్చి చేరితే చాలు. ఫోన్ నంబరు, ఈ-మెయిల్, ఫోన్‌లోని ప్రకటనల ఐడీ, సైట్లు బ్రౌజర్‌లో పెట్టే కుకీలనే చిన్న గుర్తులు, అన్నిచోట్లా వాడే ఒకే పాస్‌వర్డ్ ఈ కలయికకు ఆధారాలు. బ్రౌజర్‌లోని ఇన్‌కాగ్నిటో కిటికీ, ఇంటర్నెట్ రాకపోకలను వేరే సర్వర్ గుండా పంపే వీపీఎన్, సైటుతో జరిగే రాకపోకలకు తాళం వేసే హెచ్‌టీటీపీఎస్ తలా ఒకరి చూపునే ఆపుతాయి. మిగతావారికి అంతా ఎప్పటిలాగే కనిపిస్తుంది. ఏది దేన్ని ఆపుతుందో తెలుసుకుని, వివరాలు కలిసే చోట తెంచడమే ఫలితమిచ్చే పద్ధతి.

ఒక పేజీ తెరిస్తే ఎవరెవరికి తెలుస్తుంది

గోప్యత గురించిన గందరగోళంలో సగం ఇక్కడే పుడుతుంది. "ఎవరైనా చూస్తున్నారా?" అనే ప్రశ్నకు ఒకే జవాబు లేదు. చూసేది ఎవరన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఒక వెబ్ పేజీ తెరవగానే కనీసం అయిదు పక్షాలు రంగంలో ఉంటాయి: వైఫై నడిపేవారు, ఇంటర్నెట్ సర్వీసు ఇచ్చే కంపెనీ, సైటు పేరును ఐపీ అడ్రస్‌గా (నెట్‌లో ఒక కనెక్షన్‌ను గుర్తించే నంబరు) మార్చి చెప్పే డీఎన్ఎస్ సర్వర్, తెరిచిన సైటు, ఆ సైటు తన పేజీలో చోటిచ్చిన ప్రకటనల, గణాంకాల కంపెనీలు.

అడ్రస్ ముందు హెచ్‌టీటీపీఎస్ ఉంటే, మధ్యలో ఉన్న వైఫై యజమానికీ ఇంటర్నెట్ కంపెనీకీ పేజీలోని విషయం కనిపించదు. ఏ పేజీ చదివారో, ఏ ఫారంలో ఏం నింపారో తెలియదు. సైటు పేరు మాత్రం తెలుస్తుంది. డీఎన్ఎస్ ప్రశ్నలో ఆ పేరు ఉంటుంది. కనెక్షన్ మొదలయ్యేటప్పుడు బ్రౌజర్ పంపే తొలి సందేశంలోనూ చాలావరకు బాహాటంగానే ఉంటుంది. ఒక వ్యాధికి సంబంధించిన సైటును ఎవరైనా తెరిచారనుకుంటే, లోపల ఏ పేజీ చదివారన్నది దాగినా సైటు పేరే చాలా సంగతి చెప్పేస్తుంది. డీఎన్ఎస్ ప్రశ్నలను హెచ్‌టీటీపీఎస్‌లో చుట్టి పంపే పద్ధతికి 2018లో ప్రమాణం వచ్చింది. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సెక్యూర్ డీఎన్ఎస్ పేరుతో అది దొరుకుతుంది. దాన్ని ఆన్ చేస్తే ఇంటర్నెట్ కంపెనీకి అందే, తెరిచిన సైట్ల జాబితా తగ్గుతుంది. కానీ అదే జాబితా ఇప్పుడు డీఎన్ఎస్ సర్వర్ నడిపే కంపెనీకి అందుతుంది. చూసేవారు మారారంతే.

అడ్రస్ పక్కన తాళం బొమ్మ చూసి సైటు నమ్మదగినదని అనుకోవడం ఇంకా పోని పొరపాటు. ఆ గుర్తుకు అర్థం, దారిలో ఎవరూ తొంగిచూడలేరని మాత్రమే. దారి చివర ఉన్నది మోసగాడైతే సమాచారం భద్రంగా మోసగాడికే చేరుతుంది. 2015 నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి సంస్థలు హెచ్‌టీటీపీఎస్‌కు కావలసిన సర్టిఫికెట్లను ఉచితంగా ఇస్తున్నాయి. వెబ్ భద్రతకు అది గొప్ప మేలు చేసింది. నకిలీ సైట్లకూ తాళం బొమ్మ తెచ్చిపెట్టింది. ఈ అపార్థం తొలగకపోవడంతో 2023లో క్రోమ్ ఆ బొమ్మను తీసేసి వేరే గుర్తు పెట్టింది.

ఇన్‌కాగ్నిటో చేసే పని ఇంకా చిన్నది. కిటికీ మూసేయగానే ఆ పరికరంలో హిస్టరీని, కుకీలను, నింపిన ఫారాల వివరాలను చెరిపేస్తుంది. అదే కంప్యూటర్ వాడే మరొకరికి ఆనవాళ్లు దొరకవు. ఐపీ అడ్రస్ దాగదు, ఇంటర్నెట్ కంపెనీ చూపు ఆగదు, ఆ కిటికీలోనే ఏ ఖాతాలోనైనా లాగిన్ అయితే ఆ క్షణం నుంచి సైటుకు మనిషి తెలిసిపోతాడు. ఈ విషయంపైనే అమెరికాలో 2020లో వేసిన దావాలో గూగుల్ 2024లో రాజీకి వచ్చి, ప్రైవేటు బ్రౌజింగ్‌లో పోగైన వందల కోట్ల రికార్డులను చెరిపేయడానికి ఒప్పుకుంది.

వీపీఎన్ విషయానికొస్తే, పరికరానికీ వీపీఎన్ సర్వర్‌కీ మధ్య ఉన్నవారికి ఏమీ తెలియకుండా చేస్తుంది. సైటుకు అసలు ఐపీ బదులు వీపీఎన్ ఐపీ కనిపిస్తుంది. అంతకుముందు ఇంటర్నెట్ కంపెనీ ఏం చూడగలిగేదో అదంతా ఇప్పుడు వీపీఎన్ కంపెనీ చూడగలదు. కాబట్టి ఇంటర్నెట్ కంపెనీ కన్నా వీపీఎన్ కంపెనీ నమ్మదగినదని చెప్పగల కారణం ఉన్నప్పుడే దానివల్ల లాభం. సర్వర్లు నడపడానికి ఖర్చవుతుంది. ఉచితంగా ఇస్తున్న కంపెనీకి ఆ ఖర్చు ఎక్కడినుంచి వస్తోందో తెలియకపోతే దాన్ని పక్కన పెట్టడమే మేలు. కుకీలు, లాగిన్‌లు, ఫోన్‌లోని ప్రకటనల ఐడీ వీపీఎన్ ఉన్నా లేకపోయినా ఒకేలా పనిచేస్తాయి.

కుకీ నుంచి వేలిముద్ర వరకు

కుకీని 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మోంటుల్లీ రూపొందించాడు. సైటు ఒక పేజీకీ మరో పేజీకీ మధ్య వచ్చినవారిని మరచిపోకుండా ఉండటానికి అది అవసరమైంది. లాగిన్ నిలబడేదీ, కొనుగోలు బుట్టలో వేసిన వస్తువు మిగిలేదీ దానివల్లే. చిక్కు ఎక్కడంటే, పేజీలోని ప్రతి బొమ్మ, ప్రతి చిన్న ప్రోగ్రాం వేరే సర్వర్ నుంచి రావచ్చు. అలా వచ్చిన ప్రతి సర్వర్ తన కుకీ తాను పెట్టవచ్చు. ఒకే ప్రకటనల కంపెనీకి లక్ష సైట్లలో చోటుంటే, లక్ష సైట్లలోనూ ఒకే కుకీ నంబరు తిరిగి దాని దగ్గరకే వెళుతుంది. వార్తల సైటు, మందుల సైటు, ఉద్యోగాల సైటు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోయినా, మూడింటిలోనూ తిరిగింది ఒకరేనని ఆ కంపెనీకి తెలుస్తుంది. ఈ ప్రమాదాన్ని 1997లో వచ్చిన కుకీల తొలి ప్రమాణ పత్రమే గుర్తించి, ఇలాంటి కుకీలను ముందుగా అనుమతించకూడదని చెప్పింది. అప్పటి బ్రౌజర్లు ఆ మాట వినలేదు. వినివుంటే వెబ్ ప్రకటనల వ్యాపారం వేరే దారిలో ఎదిగేది.

ఇరవై ఏళ్లు గడిచాక బ్రౌజర్లు దారులు వేరు చేసుకున్నాయి. సఫారీ 2020 మార్చిలో బయటి సైట్ల కుకీలను పూర్తిగా అడ్డుకుంది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైటు కుకీలను ఆ సైటుకే పరిమితం చేస్తూ విడి గదుల్లో ఉంచుతోంది. క్రోమ్ 2020లో ఈ కుకీలను రెండేళ్లలో తొలగిస్తామని ప్రకటించి, పలుమార్లు వాయిదా వేసి, 2024 జులైలో ఆ ఆలోచన విరమించుకుంది. గూగుల్ రాబడిలో అధికభాగం ప్రకటనలదే కాబట్టి ఈ తేడాను కేవలం సాంకేతిక అభిప్రాయ భేదంగా చూడలేం. క్రోమ్ వాడేవారు సెట్టింగ్స్‌లోకి వెళ్లి థర్డ్ పార్టీ కుకీలు అని కనిపించే ఈ బయటి కుకీలను స్వయంగా ఆపుకోవచ్చు. ఆపితే కొన్ని సైట్లలో వేరే ఖాతాతో లాగిన్ కావడం, పేజీలో ఇమిడ్చిన వీడియోలు ఇబ్బంది పెట్టవచ్చు. అలాంటి సైటుకు మాత్రమే మినహాయింపు ఇస్తే సరిపోతుంది.

కుకీని చెరిపేయవచ్చు. చెరపడానికి వీల్లేని గుర్తు మరొకటి ఉంది. స్క్రీన్ కొలత, టైమ్ జోన్, భాషల వరస, ఫాంట్లు, గ్రాఫిక్స్ చిప్ గీసే బొమ్మలోని అతి సూక్ష్మమైన తేడాలు, ఇవన్నీ బ్రౌజర్ అడగ్గానే చెప్పేస్తుంది. ఇవి కలిస్తే ఏర్పడేదాన్ని బ్రౌజర్ వేలిముద్ర అంటారు. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో సుమారు 4.7 లక్షల బ్రౌజర్లను పరీక్షిస్తే, వాటిలో 83.6 శాతం మిగతా వేటితోనూ పోలని వేలిముద్రతో ఉన్నాయి. ఇక్కడ సహజబుద్ధికి విరుద్ధమైన సంగతి ఒకటుంది. గోప్యత కోసం అరుదైన ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు జతచేసే చిన్న ప్రోగ్రాములు), వింత సెట్టింగులు పేర్చుకుంటూ పోతే ఆ బ్రౌజర్ ఇంకా ప్రత్యేకంగా కనిపిస్తుంది. వాడేవారెవరో తెలియకుండా దాచడానికే తయారైన టోర్ బ్రౌజర్ ఎంచుకున్న మార్గం దీనికి వ్యతిరేకం: కిటికీ కొలతతో సహా అన్నీ అందరికీ ఒకేలా ఉంచడం. మామూలు వాడకానికి, వేలిముద్ర సేకరించే ప్రోగ్రాములను రాకుండా ఆపే మంచి యాడ్ బ్లాకర్ ఒక్కటి, దాంతో మార్పులు చేయని బ్రౌజర్ చాలు.

ఎక్స్‌టెన్షన్ల గురించి ఒక హెచ్చరిక అవసరం. "అన్ని సైట్లలోని డేటాను చదవడం, మార్చడం" అనే అనుమతి ఇచ్చాక ఆ ఎక్స్‌టెన్షన్ పేజీని హెచ్‌టీటీపీఎస్ విప్పిన తరువాతే చూస్తుంది. బ్యాంకు పేజీ అయినా సరే. తయారు చేసినవారు దాన్ని వేరేవారికి అమ్మేస్తే, ఆ అనుమతి కూడా కొత్త యజమానికి దక్కుతుంది. లక్షల మంది వాడిన ది గ్రేట్ సస్పెండర్ ఎక్స్‌టెన్షన్ ఇలాగే చేతులు మారి, చివరికి 2021 ఫిబ్రవరిలో హానికర ప్రోగ్రాంగా గూగుల్ స్టోర్ నుంచి తొలగింపుకు గురైంది.

ఫోన్‌లో ఇదే పని ప్రకటనల ఐడీ చేస్తుంది. ఒక ఫోన్‌లోని యాప్‌లన్నిటికీ ఒకే ఐడీ అందుతుంది కాబట్టి వాతావరణం యాప్‌కు తెలిసిన చోటు, ఆటల యాప్‌కు తెలిసిన సమయం ఒకే వరుసలోకి వచ్చేస్తాయి. ఐఫోన్‌లో 2021 ఏప్రిల్‌లో వచ్చిన ఐఓఎస్ 14.5 నుంచి యాప్ ఈ ఐడీ కోసం ముందు అడగాలి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో ట్రాకింగ్ తెరిచి, అడిగే అవకాశాన్నే ఆపేయవచ్చు. ఆండ్రాయిడ్‌లో ప్రైవసీ విభాగంలోని యాడ్స్‌లోకి వెళ్లి ఐడీని డిలీట్ చేస్తే యాప్‌లకు వరుస సున్నాలు మాత్రమే వెళతాయి. ఒక నిమిషం పట్టే ఈ పనికి వచ్చే ఫలితం దాని కష్టంతో పోలిస్తే ఎంతో ఎక్కువ.

వేలం సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామందికి కనిపించనిది ఇదే. పేజీలో ప్రకటన ఖాళీ ఉంటే, అది తెరుచుకునే క్షణంలోనే ఆ ఖాళీకి వేలం జరుగుతుంది. మొత్తం తతంగం సెకనులో పదోవంతు సమయంలో ముగుస్తుంది. వేలంలో పాల్గొనే కంపెనీలకు ఏ పేజీ, ఏ పరికరం, సుమారుగా ఏ చోటు, ఏ ఐడీ అనే వివరాలు వెళతాయి. గెలిచేది ఒక్కటే. ఓడిన కంపెనీలకూ ఆ వివరాలు చేరాయి. వాటిని దాచుకోకుండా ఆపే సాంకేతిక అడ్డంకి ఏదీ లేదు.

పేరు తీసేస్తే సరిపోతుందా

"డేటాలో పేర్లు ఉండవు" అనే హామీ గోప్యతా విధానాల్లో తరచూ కనిపిస్తుంది. దీనికి ఎంత విలువ ఇవ్వాలో గత అనుభవాలే చెబుతాయి. 2006లో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ సంస్థ పరిశోధకుల కోసం సుమారు 6.5 లక్షల మంది చేసిన 2 కోట్ల వెతుకులాటలను, పేర్ల బదులు నంబర్లు పెట్టి విడుదల చేసింది. కొద్ది రోజుల్లోనే పత్రికా విలేకరులు ఒక నంబరు వెనుక ఉన్న వ్యక్తి ఇంటికి చేరుకోగలిగారు. ఊరు, బంధువుల ఇంటిపేర్లు, ఆరోగ్య సమస్యలు, అన్నీ ఆ వెతుకులాటల్లోనే ఉన్నాయి మరి. పుట్టిన తేదీ, లింగం, పోస్టల్ కోడ్ మూడూ తెలిస్తే అమెరికా జనాభాలో 87 శాతాన్ని విడివిడిగా గుర్తించవచ్చని పరిశోధకురాలు లటాన్యా స్వీనీ 2000లో లెక్కకట్టారు. 2013లో 15 లక్షల మంది ఫోన్ల కదలికలను పరిశీలించిన అధ్యయనంలో, ఏవైనా నాలుగు చోటు-సమయం జతలు దొరికితే 95 శాతం మందిని మిగతావారి నుంచి వేరు చేయవచ్చని తేలింది. ఇల్లు, పని చేసే చోటు రెండు జతలను వాటంతటవే ఇచ్చేస్తాయి.

స్ట్రావా అనే వ్యాయామ యాప్ 2017 నవంబరులో తన వాడకందార్ల పరుగులన్నిటినీ కలిపి ప్రపంచ పటంగా ప్రచురించింది. ఎవరి పేరూ లేదు. జనం లేని ఎడారుల్లో మెరుస్తున్న గీతలు సైనిక స్థావరాల ఆకారాలని 2018 జనవరికి బయటపడింది.

పేరుకు బదులు హ్యాష్ వాడుతున్నామనే మాటనూ ఇదే కోణంలో చూడాలి. ఈ-మెయిల్‌నో ఫోన్ నంబరునో ఒక గణిత సూత్రంలో వేస్తే అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవైన వరుస వస్తుంది. దాన్నుంచి వెనక్కి లెక్కకట్టడం కుదరదు. కానీ ఒకే నంబరుకు ఎక్కడ లెక్కకట్టినా ఒకే హ్యాష్ వస్తుంది. రెండు కంపెనీల జాబితాలు కలపడానికి అది చాలు. పైగా పది అంకెల నంబర్లు మొత్తం వెయ్యి కోట్లే. అన్నిటికీ హ్యాష్‌లు ముందే లెక్కకట్టి పోల్చడం ఒక మంచి గ్రాఫిక్స్ కార్డుకు నిమిషంలోపు పని.

దీన్నుంచి ఆచరణకు పనికొచ్చే సూత్రం ఒకటి వస్తుంది. అన్నిచోట్లా ఒకే ఈ-మెయిల్, ఒకే ఫోన్ నంబరు ఇచ్చినంతకాలం కుకీలు చెరపడం వల్ల వచ్చే లాభం పరిమితమే. ఒక్కో సైటుకు ఒక్కో మారు ఈ-మెయిల్ ఇచ్చి, వచ్చిన ఉత్తరాలను అసలు పెట్టెకు చేరవేసే సేవలున్నాయి: యాపిల్ వారి హైడ్ మై ఈమెయిల్, ఫైర్‌ఫాక్స్ రిలే, సింపుల్‌లాగిన్. ఈ-మెయిల్‌లో పేరు పక్కన ప్లస్ గుర్తు పెట్టి ఒక మాట చేర్చే జీమెయిల్ పద్ధతి ఉత్తరాలను వేరు చేసుకోవడానికి బాగుంటుంది గానీ, ప్లస్ తరువాతి భాగాన్ని తొలగించడం ఏ కంపెనీకైనా ఒక్క వరుస ప్రోగ్రాం. ఫోన్ నంబరుకు ఇంత సులువైన మారు లేదు. అది ఏళ్ల తరబడి మారదు, అన్నిచోట్లా అడుగుతారు, కాబట్టి కలపడానికి అదే అన్నిటికన్నా గట్టి ఆధారం. ఫారంలో తప్పనిసరి గుర్తు లేకపోతే ఆ గడిని ఖాళీగా వదలడం అలవాటు చేసుకోవాలి.

"ఫోన్ వింటోంది" అన్న అనుమానం

మాట్లాడుకున్న వస్తువే కాసేపటికి ప్రకటనగా కనిపించిందని ఎంతోమంది చెబుతారు. 2018లో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. రహస్యంగా మైక్ ఆన్ చేసి మాటలు పంపిన యాప్ వారికి దొరకలేదు. కొన్ని యాప్‌లు తమ స్క్రీన్‌పై జరిగేదాన్ని రికార్డు చేసి బయటి కంపెనీలకు పంపడం మాత్రం కనిపించింది.

మరి ఆ ప్రకటన ఎలా వచ్చింది? ఇద్దరూ ఒకే వైఫైలో ఉన్నారు, కాబట్టి బయటికి ఒకే ఐపీ కనిపిస్తుంది. మాట్లాడిన ఇద్దరిలో ఒకరు ఆ వస్తువు గురించి అంతకుముందో ఆ తరువాతో వెతికివుంటారు. ఇద్దరి ఫోన్లూ ఒకేచోట గంటసేపు ఉన్నాయని లొకేషన్ చెబుతుంది. ఇద్దరూ పరిచయస్తులని కాంటాక్టుల జాబితా చెబుతుంది. ఈ నాలుగూ కలిపితే మైక్‌తో పనిలేదు. ఇది ఊరట కలిగించే విషయం కాదు. మైక్‌ను ఆపి నిశ్చింతగా ఉండవచ్చనుకునేవారికి అసలు దారి ఇంకా తెరిచే ఉందన్నమాట.

అందుకే పర్మిషన్లలో మైక్ కన్నా లొకేషన్, కాంటాక్టులను ముందు సరిచూడాలి. ఐఓఎస్ 14, ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌కు కచ్చితమైన చోటు కాకుండా సుమారు ప్రాంతం మాత్రమే ఇచ్చే వీలుంది. దారి చూపే యాప్‌కు కచ్చితత్వం కావాలి; వాతావరణం, వార్తలు, షాపింగ్ యాప్‌లకు అక్కర్లేదు. "వాడుతున్నప్పుడు మాత్రమే" అన్న ఎంపికను దాటి ఎప్పుడూ ఇవ్వాల్సిన యాప్‌లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. కాంటాక్టుల అనుమతి ఇంకా బరువైనది, ఎందుకంటే అది ఇచ్చేవారి సొంతం కాని సమాచారాన్ని అప్పజెబుతుంది. 2018లో బయటపడిన కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారంలో ఫేస్‌బుక్‌లోని ఒక క్విజ్ యాప్‌ను వాడింది సుమారు 2.7 లక్షల మంది. స్నేహితుల వివరాలు తీసుకునే వీలు అప్పట్లో ఉండటంతో 8.7 కోట్ల మంది వరకు సమాచారం పోయింది.

పాస్‌వర్డ్: ఒకచోటి లీకు మరోచోట పేలడం

వివరాలు కలిసే చోట్లలో ప్రకటనల వ్యాపారం చేసేది నెమ్మదిగా జరిగే నష్టం. పాస్‌వర్డ్ ద్వారా జరిగేది ఒక్క రాత్రిలో జరిగిపోతుంది. లింక్డ్‌ఇన్‌లో 2012లో జరిగిన చోరీలో మొదట 65 లక్షల పాస్‌వర్డ్ హ్యాష్‌లు బయటికొచ్చాయి. అదే చోరీకి చెందిన 11.7 కోట్ల ఖాతాల వివరాలు 2016లో అమ్మకానికి వచ్చాయి. యాహూలో 2013లో జరిగిన చోరీ మొత్తం 300 కోట్ల ఖాతాలనూ తాకిందని 2017లో తెలిసింది. దొంగలకు ఆ సైటు ఖాతాలతో పెద్ద పనేమీ ఉండదు. వారు చేసేది, అదే ఈ-మెయిల్, అదే పాస్‌వర్డ్ జతను వందల ఇతర సైట్లలో ప్రోగ్రాం సాయంతో ప్రయత్నించడం. ఒకే పాస్‌వర్డ్‌ను పదిచోట్ల వాడితే, ఆ పదింటిలో అన్నిటికన్నా బలహీనమైన సైటు ఎంత భద్రమో మిగతా తొమ్మిదీ అంతే భద్రం.

పొడవు ఎందుకు ముఖ్యమో లెక్క చూస్తే తెలుస్తుంది. ఎనిమిది చిన్న ఇంగ్లీషు అక్షరాలతో వచ్చే కలయికలు సుమారు 20,900 కోట్లు. పాత తరహా వేగవంతమైన హ్యాష్‌తో దాచిన పాస్‌వర్డ్‌లపై సెకనుకు వెయ్యి కోట్ల ఊహలు చేయగల యంత్రం వాటన్నిటినీ 21 సెకన్లలో ప్రయత్నించేస్తుంది. అదే 7,776 మాటల జాబితా నుంచి పాచికలు వేసి ఆరు మాటలు ఎంచుకుంటే, అదే యంత్రానికి అన్నీ ప్రయత్నించడానికి దాదాపు 7 లక్షల ఏళ్లు కావాలి. మాటలు పాచికలతో రావాలి; మనసుకు తోచిన మాటలైతే ఈ లెక్క వర్తించదు. ఇలాంటిది ఒక్కటి గుర్తుపెట్టుకుని, దాంతో పాస్‌వర్డ్‌లను దాచిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ తెరిచి, మిగతా అన్ని పాస్‌వర్డ్‌లనూ ఆ మేనేజర్‌నే తయారు చేయనివ్వాలి. మూణ్నెల్లకోసారి పాస్‌వర్డ్ మార్చమనే పాత నియమాన్ని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే వద్దంది. బలవంతంగా మార్పిస్తే జనం చివరి అంకెను ఒకటి పెంచి ఊరుకుంటారు. లీకైందని తెలిసినప్పుడు మార్చాలి, వెంటనే మార్చాలి.

లీకైందో లేదో తెలుసుకోవడానికి భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన హ్యావ్ ఐ బీన్ పోన్డ్ సైటు ఉపయోగపడుతుంది. అందులో పాస్‌వర్డ్ పరీక్ష జరిగే తీరు గోప్యతకు మంచి నమూనా. పాస్‌వర్డ్‌ను పరికరంలోనే 40 అక్షరాల హ్యాష్‌గా మార్చి, మొదటి అయిదు అక్షరాలు మాత్రమే పంపుతుంది. వాటితో మొదలయ్యే హ్యాష్‌లన్నీ తిరిగి వస్తాయి. పోలిక పరికరంలోనే జరుగుతుంది. అసలు పాస్‌వర్డ్ ఏదో ఆ సైటుకు కూడా తెలియదు.

రెండో అంచె భద్రతలోనూ తరతమాలున్నాయి. ఎస్సెమ్మెస్ ఓటీపీ ఏమీ లేనిదానికన్నా ఎంతో నయం. కానీ మోసగాడు మొబైల్ కంపెనీని నమ్మించి అదే నంబరుకు మరో సిమ్ తీసుకుంటే ఓటీపీలు అతనికే వెళతాయి. 30 సెకన్లకోసారి మారే కోడ్ ఇచ్చే ఆథెంటికేటర్ యాప్‌కు సిమ్‌తో సంబంధం లేదు. అయితే నకిలీ సైటులో ఆ కోడ్‌ను నింపితే, దాన్ని ఆ 30 సెకన్లలోనే అసలు సైటులో వాడేస్తారు. పాస్‌వర్డ్ బదులు పరికరం దాచుకునే డిజిటల్ తాళంచెవి అయిన పాస్‌కీ ఈ రెండు లోపాలనూ మూసేస్తుంది. అది సైటు పేరుతో ముడిపడి ఉంటుంది, కాబట్టి పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా బ్రౌజర్ దాన్ని ఇవ్వదు. మనిషి కన్ను మోసపోయినా బ్రౌజర్ మోసపోదు.

ఎక్కువమంది దెబ్బతినేది మాత్రం రికవరీ దగ్గర. "పాస్‌వర్డ్ మరచిపోయారా" నొక్కితే లింకు వచ్చేది ఈ-మెయిల్‌కే కాబట్టి, ఈ-మెయిల్ చేజారితే మిగతా ఖాతాలన్నీ వరసగా చేజారతాయి. అందుకే పాస్‌కీ గానీ ఆథెంటికేటర్ గానీ మొదట పెట్టాల్సింది ఈ-మెయిల్‌కు, ఆ తరువాతే బ్యాంకుకు, సామాజిక మాధ్యమాలకు. వదిలేసిన పాత ఫోన్ నంబరు రికవరీ నంబరుగా మిగిలిపోతే, మొబైల్ కంపెనీ ఆ నంబరును కొన్నాళ్లకు మరొకరికి ఇచ్చాక రీసెట్ కోడ్‌లు ఆ కొత్త మనిషికి వెళతాయి. ఇక ఆథెంటికేటర్ ఉన్న ఫోన్ పోతే, బ్యాకప్ కోడ్‌లు తీసుకోనివారు తమ ఖాతాలోకి తామే వెళ్లలేరు. గూగుల్ ఒకేసారి వాడదగ్గ ఎనిమిది అంకెల కోడ్‌లు పది ఇస్తుంది. వాటిని కాగితం మీద రాసి ఇంట్లో భద్రపరచడం మంచి పద్ధతి. ఫోన్ గ్యాలరీలో స్క్రీన్‌షాట్‌గా ఉంచితే ఫోన్‌తోపాటే పోతాయి. పుట్టిన ఊరు, మొదటి బడి లాంటి భద్రతా ప్రశ్నలకు నిజమైన జవాబులు ఇవ్వనక్కర్లేదు. అవి సామాజిక మాధ్యమాల్లో వెతికితే దొరికేవే. మేనేజర్ తయారుచేసిన అర్థంలేని మాటను జవాబుగా ఇచ్చి, దాన్ని మేనేజర్‌లోనే దాచుకోవాలి.

సందేశాలు, ఫొటోలు

వాట్సాప్ 2016 ఏప్రిల్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌ను పూర్తిగా అమలు చేసింది. సందేశంలోని విషయం కంపెనీకి కూడా కనిపించదు. ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎంత తరచుగా అన్నవి ఆ ఎన్‌క్రిప్షన్ కిందకు రావు. క్లౌడ్‌లో ఉండే బ్యాకప్ సంగతి వేరు: దాన్నీ అలాగే తాళం వేసే వీలు 2021లో వచ్చింది గానీ, సెట్టింగ్స్‌లో చాట్ బ్యాకప్‌లోకి వెళ్లి ఎవరికివారు ఆన్ చేసుకోవాలి. దానికి పెట్టిన పాస్‌వర్డ్ గానీ 64 అంకెల కీ గానీ పోతే బ్యాకప్ తిరిగిరాదు.

ఫొటో ఫైలులో తీసిన సమయంతోపాటు అక్షాంశ రేఖాంశాలు కూడా ఉండవచ్చు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ వివరాలు పోతాయి. నాణ్యత తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపినా, ఈ-మెయిల్‌కు జతచేసినా అవి ఫైలుతోపాటే వెళతాయి. ఇంట్లో తీసిన వస్తువు ఫొటోను అమ్మకానికి పెట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం. ఐఫోన్‌లో షేర్ చేసేముందు పైన కనిపించే ఆప్షన్స్‌లో లొకేషన్ ఆపవచ్చు. కెమెరాకు లొకేషన్ పర్మిషన్ తీసేస్తే సమస్య మూలంలోనే ఆగుతుంది.

పాత ఖాతాలు, లీకు తరువాతి గంటలు

యాప్ తీసేస్తే ఖాతా పోదు. ఏళ్ల క్రితం ఒక్కసారి వాడిన సైట్లలో పేరు, అడ్రస్, పుట్టిన తేదీ అలాగే ఉంటాయి. ఆ సైట్లను పట్టించుకునే ఇంజినీర్లు కూడా ఉండకపోవచ్చు. మెయిల్‌బాక్స్‌లో "వెల్కమ్", "వెరిఫై" లాంటి ఇంగ్లీషు మాటలతో వెతికితే ఈ ఖాతాల జాబితా చాలావరకు బయటపడుతుంది. ఒక్కోదానిలో కావలసిన డేటా ముందు డౌన్‌లోడ్ చేసుకుని, దాచివుంచిన కార్డు వివరాలు, అడ్రస్‌లు తీసేసి, ఆ తరువాత ఖాతా డిలీట్ చేయాలి. గూగుల్, ఫేస్‌బుక్, యాపిల్ ఖాతాలతో లాగిన్ అయిన బయటి యాప్‌ల జాబితా ఆయా ఖాతాల సెక్యూరిటీ పేజీలో దొరుకుతుంది. వాడనివాటికి అక్కడే అనుమతి రద్దు చేయవచ్చు. యూరప్‌లో 2018 మే 25న అమల్లోకి వచ్చిన జీడీపీఆర్ కింద, తమ గురించి ఏముందో చూపమనీ, చెరిపేయమనీ అడిగే హక్కు ఉంది. కంపెనీ సాధారణంగా నెలలోపు జవాబివ్వాలి. ఇలాంటి చట్టాలు ఉన్న ఇతర దేశాల్లోనూ గోప్యతా విధానం పేజీ చివర ఉండే ఈ-మెయిల్‌కు రాతపూర్వకంగా అడగడమే మార్గం. అప్పటికే వేరేవారి చేతికి పోయిన కాపీలు మాత్రం దీనితో వెనక్కి రావు.

లీకు వార్త వచ్చినప్పుడు ఏం పోయిందన్నదాన్ని బట్టి పని మారుతుంది. పాస్‌వర్డ్ పోతే ఆ సైటులోనూ, అదే వాడిన ప్రతిచోటా మార్చి, "అన్ని పరికరాల నుంచి లాగౌట్" నొక్కాలి. పాస్‌వర్డ్ మార్చినా అంతకుముందే లాగిన్ అయివున్న పాత సెషన్లు కొన్ని సైట్లలో తెరిచే ఉంటాయి. కార్డు నంబరు పోతే బ్యాంకుకు చెప్పి కొత్త కార్డు తీసుకోవాలి. ఫోన్ నంబరు, అడ్రస్, పుట్టిన తేదీ పోతే వాటిని మార్చలేం. అప్పటినుంచి ఆ వివరాలు కచ్చితంగా చెబుతూ వచ్చే ఫోన్లను, మెయిళ్లను నమ్మకానికి రుజువుగా తీసుకోకూడదు. మొబైల్ కంపెనీ దగ్గర సిమ్ మార్పిడికి పిన్ పెట్టే వీలుంటే ఆరోజే పెట్టించాలి. ఈ-మెయిల్ ఖాతాలోకి ఎవరైనా చొరబడిన అనుమానం ఉంటే సెట్టింగ్స్‌లోని ఫార్వర్డింగ్, ఫిల్టర్లు రెండూ తెరిచి చూడాలి. చొరబడినవారు తరచూ అక్కడ ఒక నియమం పెట్టి వెళతారు. పాస్‌వర్డ్ మార్చిన తరువాత కూడా ప్రతి ఉత్తరం కాపీ వారికి చేరుతూనే ఉంటుంది.